సాఫ్ట్‌నర్ నీళ్లున్న అపార్ట్‌మెంట్‌లో మూడడుగుల చేపల ట్యాంకు: ఆర్‌ఓ పెట్టాలా, వద్దా?

నీలిరెక్క (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)
ట్యాంకు 3 × 1.5 × 1.5 అడుగులు, ఇంకా నీళ్లు పోయలేదు. నియాన్ టెట్రాలనే చిన్న చేపల గుంపు, ఒక జత ఏంజెల్ చేపలు వేద్దామని ఉంది. మాకు కావేరి కనెక్షన్ లేదు. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు సంపులో కలిసి, సాఫ్ట్‌నర్ ప్లాంట్ దాటి ఇళ్లకు వస్తాయి. కుళాయిలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) 820, పీహెచ్ 8.2. సాఫ్ట్‌నర్ ఉంది కాబట్టి యూవీ దీపం ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూసిన డబ్బా) ఒక్కటి చాలని షాపులో అంటున్నారు. సరిపోతుందా? ఆర్‌ఓ తప్పదంటే వంటింటి మిషన్ నీళ్లు వాడొచ్చా?

చెరువుగట్టు
సరిపోదండి. సాఫ్ట్‌నర్ చేసే పని ఒక్కటే: నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. గీజర్‌లో పొలుసు కట్టదు, సబ్బు నురగ వస్తుంది. కరిగి ఉన్న ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, అందుకే టీడీఎస్ 820 అలాగే ఉంది. బైకార్బనేట్ కూడా అలాగే ఉంటుంది కాబట్టి పీహెచ్ దిగదు. చేపకు కావాల్సిన కాల్షియం పోయి, అక్కర్లేని సోడియం మిగిలిందన్నమాట. టీడీఎస్ మీటర్ ఈ తేడా చూపించలేదు. చుక్కలతో కొలిచే జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పేది), కేహెచ్ (బైకార్బనేట్ ఎంతో చెప్పేది) కిట్లు కొనండి. జీహెచ్ 1–2 దగ్గర, కేహెచ్ 12 పైన వస్తే నేను చెప్పిందే జరుగుతున్నట్టు.

యూవీ పచ్చనీళ్ల నాచునూ, నీళ్లలో తేలే సూక్ష్మజీవులనూ చంపుతుంది. ఉప్పును గానీ అమ్మోనియాను గానీ అది తీసెయ్యదు.

మీరు అనుకున్న చేపలకైతే ఆర్‌ఓ పెట్టాల్సిందే. మామూలుగా హార్డ్ వాటర్ అయితే ఆర్‌ఓ నీళ్లలో కొంత కుళాయి నీళ్లు కలిపితే సరిపోతుంది. మీకు ఆ దారి లేదు, కలిపిన కొద్దీ సోడియమే పెరుగుతుంది. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే పట్టి ఖనిజాలు మీరే కలుపుకోండి. ఒక జాగ్రత్త: సాఫ్ట్‌నర్ దాటని నీళ్ల కోసం గార్డెన్ కుళాయి జోలికి పోకండి. ఇక్కడి చాలా అపార్ట్‌మెంట్లలో ఆ లైన్‌లో ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగునీళ్లు వస్తాయి.

రింగుస్పానర్
వంటింటి మిషన్ గురించి. ముందు దాని మూత తీసి కార్ట్రిడ్జిలు చూడండి. కాపర్ కార్ట్రిడ్జ్ ఉంటే ఆ నీళ్లు ట్యాంకులో పోయకండి. మనకు పనికొచ్చే మోతాదు రాగి కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది. కాల్షియం తక్కువున్న నీళ్లలో అయితే చేపలకూ ముప్పే. టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న స్క్రూ వాల్వు ఉంటే అది పచ్చి నీళ్లను కలుపుతుంది, పూర్తిగా మూసెయ్యాలి. ఇవన్నీ తప్పించాలంటే మెంబ్రేన్ (ఉప్పును ఆపే పొర) నుంచి చివరి కార్బన్ ఫిల్టర్‌కు వెళ్లే పైపుకు టీ ఆకారపు జాయింట్ వేసి, మెంబ్రేన్ నీళ్లను అక్కడే పట్టాలి. ఆ పని చేతకాకపోతే విడిగా కట్టించుకోవడమే మేలు.

విడిగా అయితే వరుస ఇది: 5 మైక్రాన్ స్పన్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, బూస్టర్ పంపు, 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్లు) మెంబ్రేన్, దానికి సరిపడే ఫ్లో రిస్ట్రిక్టర్ (వృథా నీళ్లను నెమ్మదించి ప్రెషర్ నిలిపేది). డ్రమ్ములో ఫ్లోట్ వాల్వు, పంపును ఆపడానికి హై ప్రెషర్ స్విచ్, నీళ్లు రానప్పుడు పంపు కాలకుండా లో ప్రెషర్ స్విచ్. బూస్టర్ మానేసి డబ్బు మిగుల్చుకుందామనుకుంటారు చాలామంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉన్నా వచ్చేది ఒక బార్, మెంబ్రేన్‌కు కావాల్సింది దాదాపు నాలుగు. ప్రెషర్ చాలకపోతే నీళ్లు తక్కువ వస్తాయి, పైగా ఉప్పు కూడా దాటేస్తుంది.

కార్బన్ విషయంలో అశ్రద్ధ వద్దు. సంపులో క్లోరిన్ వేస్తారు, అది మెంబ్రేన్ పొరను తినేస్తుంది. కార్బన్ దాటిన నీళ్లలో ఓటీవో (క్లోరిన్ పరీక్ష ద్రావణం) చుక్క వేసి చూడండి, పసుపు రంగు తేలితే కార్బన్ అయిపోయినట్టే. కొత్త మెంబ్రేన్ పెట్టాక మొదటి రెండు గంటల నీళ్లు పారబోయండి, అందులో నిల్వ రసాయనం ఉంటుంది. ఆ తర్వాత టీడీఎస్ 40–60 మధ్య రావాలి. 80 దాటితే ఓ-రింగ్ సరిగా కూర్చోలేదేమో ముందు చూడండి, మెంబ్రేన్‌ను తప్పుపట్టడం తర్వాత.

లీటరుకు మూడు లీటర్లు వృథా పోతాయి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కు వాడుకోండి. సోడియం నీళ్లు కాబట్టి కుండీలకు మాత్రం వద్దు, మట్టి గట్టిపడుతుంది.

నీలిరెక్క
మిషన్‌లో కాపర్ కార్ట్రిడ్జ్ ఉంది. విడిగానే కట్టిస్తాను. ఖనిజాలు ఏవి, ఎంతెంత? ఖనిజాలు కలపకుండా ఆ ఆర్‌ఓ నీళ్లు నేరుగా పోస్తే ఏమవుతుంది?

చెరువుగట్టు
నేరుగా పోస్తే మొదట్లో ఏమీ కనిపించదు. అమ్మోనియాను నైట్రేట్ చేసే బ్యాక్టీరియా ఆమ్లం పుట్టిస్తుంది, దాన్ని ఆపేది కేహెచ్. అది అయిపోయాక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. 6 కిందికి దిగితే బ్యాక్టీరియా కూడా పని మానేస్తుంది. అప్పుడు అమ్మోనియా పేరుకుంటుంది. కంగారుపడి 8.2 పీహెచ్ కుళాయి నీళ్లు పోశారంటే ఇంకా ప్రమాదం. విషపు రూపంలో ఉండే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక పాలు కూడా ఉండదు, 8.2 దగ్గర దాదాపు తొమ్మిది పాళ్లు. చేపలు అప్పుడే పోతాయి.

50 లీటర్ల డ్రమ్ముకు: వంటసోడా 4.5 గ్రాములు, జిప్సం 6 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 3 గ్రాములు. కేహెచ్ 3, జీహెచ్ 5 పైచిలుకు వస్తుంది, మీటర్ 250 అటూ ఇటూ చూపిస్తుంది. వంటసోడా అంటే సోడియం బైకార్బనేటే, బేకింగ్ పౌడర్ కాదు. జిప్సం ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట కొనండి, గోడలకు వాడేది వద్దు. అది నెమ్మదిగా కరుగుతుంది, రాత్రంతా ఎయిర్ స్టోన్ నడపాలి. కొలతకు చెంచాలు కాదు, 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు వాడండి.

పాకుడురాయి
ఫిల్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు. మీ ట్యాంకులో అంచు దాకా 190 లీటర్లు, ఇసుక, రాళ్లు పోను 160. గంటకు ఐదు సార్లు నీళ్లు తిరగాలంటే 800 లీటర్లు. మీడియా (స్పాంజి, రింగుల వంటివి) నింపాక పంపు ప్రవాహం బాగా తగ్గుతుంది కాబట్టి డబ్బా మీద 1200 అని ఉన్నది తీసుకోండి. నీళ్లు కింది నుంచి పైకెక్కే క్యానిస్టర్ అయితే అడుగున ముతక స్పాంజి, దాని మీద సన్న స్పాంజి, పై బుట్టల్లో సిరామిక్ రింగులు. రింగులు అడుగున పెడితే వాటి రంధ్రాల్లో మడ్డి పేరుకుని బ్యాక్టీరియాకు చోటుండదు. కడగాల్సి వస్తే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి కింద వద్దు.

చేపలు వేసే ముందు సైక్లింగ్, అంటే ఫిల్టర్‌లో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాను పెంచడం. ల్యాబ్ గ్రేడ్ అమ్మోనియం క్లోరైడ్ 1 గ్రాము వేస్తే 160 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. బజారు నవసాగరంలో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం, వద్దు. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ అంతే వేయండి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ మధ్యలో కేహెచ్ తరిగిపోతూ ఉంటుంది, వారానికోసారి కొలిచి వంటసోడా సర్దండి. చివర్లో సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ దించి, అప్పుడు టెట్రాలు ఆరు వేయండి. ఏంజెల్స్ తర్వాత. అవి పెద్దవైతే సన్నపాటి నియాన్లను మింగేస్తాయి, కాబట్టి రూపాయి బిళ్లంత ఏంజెల్ పిల్లలనే తెచ్చుకోండి. అయినా పూర్తి భరోసా ఉండదు.

నీలిరెక్క
వారానికి ఎంత మార్చాలి? కరెంటు పోతే క్యానిస్టర్‌కు ఏమైనా అవుతుందా?

పాకుడురాయి
వారానికి 40 లీటర్లు, అంటే మీ 50 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. ట్యాంకులో ఆవిరైన మేరకు మాత్రం ఖనిజాలు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా.

జనరేటర్ అందుకునేంత సేపైతే ఇబ్బంది లేదు. మూసి ఉన్న క్యానిస్టర్‌లో మూడు నాలుగు గంటలు నీళ్లు కదలకపోతే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. అంతసేపు ఆగితే వెంటనే ఆన్ చేయకండి. వాల్వులు మూసి, క్యానిస్టర్ విప్పి ఆ నీళ్లు పారబోసి, ట్యాంకు నీళ్లతో రింగులు ఒకసారి తొలిచి పెట్టాకే నడపండి. ఆ రెండు రోజులూ మేత తగ్గించి అమ్మోనియా చూస్తూ ఉండండి.