రోజూ బైక్ మీద ఆఫీసుకి: వానకి తడవని సింపుల్ బ్యాగు ఏది?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ బైకే. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, ఛార్జరు, లంచ్ బాక్సు పట్టాలి. రెయిన్ కవర్ వేసినా వీపు వైపు నుంచి తడి వస్తోంది. హంగులేం అక్కర్లేదు. ఏం చూసి కొనాలి?

జవాబు 1: రెయిన్ కవర్ వీపు వైపుని కాపాడదండీ. మెడ మీంచి కారిన నీళ్లు వీపుకీ బ్యాగుకీ మధ్య దిగి, పట్టీలు కుట్టిన చోట లోపలికి పోతాయి. రోల్‌టాప్ (జిప్పు బదులు మూతిని చుట్టి మూసే బ్యాగు) తీసుకోండి, 20–25 లీటర్లు చాలు. గుడ్డ కన్నా ముందు కుట్లు చూడండి: లోపల వాటి మీద టేపు అతికించి ఉండాలి, లేదా కుట్లే లేకుండా వెల్డింగ్ చేసి ఉండాలి. మూతిని కనీసం మూడు మడతలు చుట్టాకే బకిల్ పెట్టాలి. కుక్కి నింపితే మడతలకి చోటుండదు, నీళ్లు దిగుతాయి.

జవాబు 2: పైవన్నీ కరెక్టే. కొన్నాక లోపల పాత పేపర్లు నింపి షవర్ కింద ఐదు నిమిషాలు పెట్టండి, వీపు వైపు కూడా. పేపరు ఎక్కడ తడిస్తే లీకు అక్కడే. తడిపిన బ్యాగు వాపసు తీసుకుంటారో లేదో ముందే అడగండి, తర్వాత గొడవెందుకు!

జవాబు 3: టార్పాలిన్ రకం బరువెక్కువ, కానీ మన్నుతుంది. పాలిస్టర్ బ్యాగుల్లో నీళ్లు ఆపే లోపలి పీయూ (పాలియురెథేన్) పూత కొన్నేళ్లకి జిగటగా మారి పొలుసులుగా ఊడుతుంది. తడిగా మూసిపెడితే ఇంకా త్వరగా. వాషింగ్ మెషీన్‌లో అస్సలు వేయొద్దు. ఇంకోటి, లంచ్ బాక్సు విడిగా పెట్టండి. ఇలాంటి బ్యాగులో సాంబారు కారితే అదీ బయటికి పోదు, అడుగున ల్యాప్‌టాప్ దగ్గరే నిలుస్తుంది.