ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం వచ్చు, వాక్యమే రాదు: పిల్లలకి ఎలా నేర్పాలి?

రాజాం ట్యూషన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పన్నెండు మందికి సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్తున్నాను. అందరూ మొదట తెలుగు మీడియంలో చదివి మధ్యలో ఇంగ్లీషు మీడియంకి మారినవాళ్ళే. రోజుకి ఇరవై మాటలు, పక్కన తెలుగు అర్థం. నోట్సులు నిండిపోయాయి. 'బారో' అంటే ఏంటంటే 'అప్పు' అని ఠక్కున చెప్తారు. వాక్యం రాయమంటే 'హి బారోడ్ మీ హండ్రెడ్ రూపీస్' అని రాస్తారు. వంద రూపాయలు అప్పు ఇచ్చాడని వాళ్ళ ఉద్దేశం.

ఇంగ్లీషు టు ఇంగ్లీషు డిక్షనరీలో నిర్వచనం చదివించి, ఉదాహరణ వాక్యాలతో నేర్పాలని ఉంది. నిర్వచనంలోనే తెలియని మాటలుంటే ఎక్కడ ఆగాలి? ఒక్కో మాటకి ఎలాంటి వాక్యాలు, ఎన్ని? రోజుకి ఎన్ని మాటలు? తెలుగు పూర్తిగా మానిపించాలా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

నాగావళి గట్టు

మాస్టారూ, ముందు డిక్షనరీ సంగతి తేల్చుకోండి, సగం ఇబ్బంది అక్కడే ఉంది. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళ కోసం రాసిన డిక్షనరీ మన పిల్లల చేతిలో పెడితే, తేలికమాటకి అంతకన్నా బరువైన మాటలతో అర్థం కనిపిస్తుంది. మనకి కావలసింది నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన 'లెర్నర్స్ డిక్షనరీ'. అందులో నిర్వచనాలన్నీ లెక్కపెట్టిన కొద్ది మాటలతోనే రాస్తారు. ఈ పద్ధతికి బాట వేసినవాళ్ళలో ఒకరు ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్. బెంగాలీ పిల్లలకి ఇంగ్లీషు చదవడం నేర్పుతూ, 1935లో తెచ్చిన నిఘంటువులో 1,490 మాటలతోనే మిగతా మాటలన్నిటికీ అర్థం చెప్పారు. అంటే ఇది మనలాంటి పిల్లల అవసరంలోంచి పుట్టిన పద్ధతే. లాంగ్‌మన్ వాళ్ళది సుమారు 2,000 మాటలతో నడుస్తుంది. కోబిల్డ్ అనే ఇంకో లెర్నర్స్ డిక్షనరీ 1987 నుంచి నిర్వచనాన్నే నిండు వాక్యంగా రాస్తోంది: 'ఇఫ్ యు...' అని మొదలెట్టి, ఎవరు ఎవరికి ఏం చేస్తారో ఆ వాక్యంలోనే చూపిస్తుంది. 'బారో' లాంటి క్రియలకి ఇది బాగా పనికొస్తుంది. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ రెండూ ఫోన్లో ఉచితంగా చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నిర్వచనంలో తెలియని మాట ఒకటే ఉంటే దాన్ని వెతకండి. దాని నిర్వచనంలో మళ్ళీ తెలియనిది వస్తే అక్కడితో ఆపేయండి, మూడో మాటకి వెళ్ళొద్దు. అక్కడ తెలుగు మాట చెప్పేసి వెనక్కి రండి. మొదటి నిర్వచనంలోనే రెండు మూడు తెలియని మాటలుంటే ఆ మాటకి ఇంకా సమయం రాలేదని అర్థం, పక్కన పెట్టండి.

నిర్వచనం చదివించేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ జాతి? ఆ జాతిలో మిగతావాటికీ దీనికీ తేడా ఏంటి? 'రిలక్టెంట్' తీసుకోండి. జాతి: ఒక పని చేయడానికి ఇష్టం లేకపోవడం. 'అన్‌విల్లింగ్' కూడా అదే జాతి. తేడా ఎక్కడంటే, రిలక్టెంట్ అయినవాడు వెనకాడతాడు గానీ చివరికి చేస్తే చెయ్యొచ్చు. మన 'అయిష్టంగానే ఒప్పుకున్నాడు' అక్కడ సరిపోతుంది. అన్‌విల్లింగ్ అంటే ఒప్పుకోకపోవడానికే దగ్గర. 'ఇష్టం లేని' అని ఒక్క తెలుగు మాట రాసుకున్న పిల్లవాడికి ఈ రెండూ ఒకటే.

నిర్వచనం కన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఆ మాట నామవాచకమా, క్రియా అన్నది. 'ది కలెక్టర్ అడ్రెస్డ్ ది మీటింగ్' చదివి, ఇంటి అడ్రస్సు దగ్గర ఆగిపోయే పిల్లలు చాలామంది. పాఠంలో మాట ఏ పని చేస్తోందో చూసి, డిక్షనరీలో ఆ భాగానికే నేరుగా వెళ్ళాలి. నామవాచకం పక్కన 'సి', 'యు' అక్షరాలు చూపించండి. 'యు' ఉంటే లెక్కపెట్టకూడనిది. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్: వీటికి చివర 'ఎస్' పెట్టకూడదు. తెలుగులో 'సలహాలు', 'వివరాలు' హాయిగా అంటాం కాబట్టి ఈ తప్పు చెప్పినకొద్దీ వస్తూనే ఉంటుంది.

టెక్కలి బస్టాండు

తెలుగు మానిపించాలా అన్నారు. ఎందుకండీ మానిపించడం! వస్తువుల పేర్లకి, చెట్లకి, జబ్బులకి ఒక్క తెలుగు మాట చెప్తే అరనిమిషంలో తేలిపోతుంది. 'మీజిల్స్' అంటే తట్టు అని చెప్పకుండా నాలుగు లైన్ల నిర్వచనం చదివించడం పిల్లల్ని కష్టపెట్టడమే. తెలుగు ఎక్కడ మోసం చేస్తుందో అక్కడ మాత్రం నిర్వచనం తప్పదు. నాకు తెలిసి ఆ చోట్లు మూడు.

ఒకటి, తెలుగులో ఒకే మాట, ఇంగ్లీషులో రెండు మూడు. మన శ్రీకాకుళం తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు 'టర్టిల్', పొలంగట్టున నడిచేది 'టార్టాయిజ్'. మనకి రెండూ తాబేళ్ళే. తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టే కొంగ 'స్టార్క్', పొలంలో ఎడ్ల వెనకాల తిరిగే తెల్లకొంగ 'ఈగ్రెట్'. చూడు అన్నదానికి సీ, లుక్, వాచ్. చెప్పు అన్నదానికి సే, టెల్. ఇలాంటివి విడివిడిగా కాకుండా పక్కపక్కనే పెట్టి, తేడా చెప్పే ముక్క కింద గీత గీయించండి. మీ 'బారో'కి ఇదే మందు: బారో పక్కన 'ఫ్రమ్', లెండ్ పక్కన 'టు'. డబ్బు ఎటు వెళ్తోందో బాణం గుర్తు వేయించండి.

ఒక్క జాగ్రత్త. రెండు మాటలూ పిల్లలకి బొత్తిగా కొత్తవైతే ఒకే రోజు చెప్పకండి, ఏది ఏదో కలిపేసుకుంటారు. ఒకటి వారం ముందు స్థిరపడాక రెండోది తీసుకొచ్చి పక్కన పెట్టాలి.

రెండోది, తెలుగులో కలిసిపోయి అర్థం మారిన ఇంగ్లీషు మాటలు. మన 'హోటల్' టిఫిన్ చేసే చోటు, వాళ్ళ హోటల్ రాత్రి బస చేసే చోటు. మన 'కరెంట్' ఇంట్లో దీపం వెలిగించేది, వాళ్ళకి అది ఏటి ప్రవాహం కూడా. మన 'డౌట్' మాస్టారిని అడిగేది, వాళ్ళది నమ్మకం లేకపోవడం. ఇవి తెలుసు అనుకుని పిల్లలు డిక్షనరీ తెరవరు. అందుకే తెలియని మాటల కన్నా ఇవే ఎక్కువ దెబ్బతీస్తాయి.

మూడోది అసలైనది, మన విభక్తులు. పిల్లవాడు మాటకి అర్థం నేర్చుకుంటాడు, దాని వెనక వచ్చే చిన్నమాటని మాత్రం తెలుగులోంచి తెచ్చుకుంటాడు. 'గురించి చర్చించారు' కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్'. నిజానికి డిస్కస్ తర్వాత అలాంటి చిన్నమాట ఏదీ రాదు. 'జ్వరంతో బాధపడు' కాబట్టి 'సఫరింగ్ విత్'. కావలసింది 'ఫ్రమ్'. 'లెక్కల్లో దిట్ట' కాబట్టి 'గుడ్ ఇన్', అక్కడ 'ఎట్' రావాలి. 'స్టేషన్‌కి చేరాడు' కాబట్టి 'రీచ్డ్ టు'. రీచ్‌కి 'టు' అక్కర్లేదు, అరైవ్‌కి 'ఎట్' కావాలి. 'తో పెళ్ళయింది' కాబట్టి 'మ్యారీడ్ విత్', అది 'టు' అవ్వాలి. అన్నీ తప్పిపోవు లెండి. 'మీద ఆధారపడు', 'డిపెండ్ ఆన్' రెండూ ఒకేలా నడుస్తాయి. ఏది కలుస్తుంది, ఏది కలవదు అన్నది ఊహించి చెప్పలేం, ఉదాహరణ వాక్యంలోనే దొరుకుతుంది. నోట్సులో 'సఫర్' అని రాయించకండి. 'సఫర్ ఫ్రమ్ ఫీవర్' అని గుత్తిగా రాయించండి.

రాజాం ట్యూషన్

ఇద్దరికీ ధన్యవాదాలండి. బాణం గుర్తు ఆలోచన బాగుంది, రేపే మొదలెడతాను. ఇంకొకటి. సొంత వాక్యం రాయమంటే పిల్లలు 'హి ఈజ్ రిలక్టెంట్', 'షి ఈజ్ రిలక్టెంట్' అని రాసి ఇచ్చేస్తారు. వ్యాకరణం తప్పు లేదు, మార్కు వేయక తప్పదు. కానీ మాట తెలిసిందో లేదో నాకు తెలియడం లేదు.

బొబ్బిలి వీణ

ఆ వాక్యానికి మార్కు వేయకండి మాస్టారూ. ఆ మాట మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి: 'హి ఈజ్ ...'. ఆ ఖాళీలో హ్యాపీ పడుతుంది, టాల్ పడుతుంది, సిక్ పడుతుంది. ఏదైనా పట్టే ఖాళీ మాట గురించి ఏమీ చెప్పదు. ఇప్పుడిది చూడండి: 'రవి వజ్ రిలక్టెంట్ టు ఆస్క్ హిజ్ అంకుల్ ఫర్ ది మనీ, బట్ ది ఫీ వజ్ డ్యూ టుమారో'. ఇక్కడ చెయ్యి అడ్డం పెడితే వేరే మాటలు పట్టడం కష్టం. కారణం వాక్యంలోనే ఉంది కాబట్టి. పిల్లలకి ఒక్క షరతు పెట్టండి: వాక్యంలో 'బికాజ్', 'బట్', 'సో'ల్లో ఒకటి ఉండి తీరాలి. దాంతో సందర్భం దానంతటదే వచ్చేస్తుంది. రాసినవి పక్కవాడికిచ్చి ఖాళీ పరీక్ష పెట్టించండి. పక్కవాడు సరైన మాట చెప్పగలిగితేనే మార్కు.

ఒక్కో మాటకి మూడు వాక్యాలు చాలు. మొదటిది డిక్షనరీలోది, చూసి యథాతథంగా రాయాలి. రెండోది అదే వాక్యంలో మనిషినీ చోటునీ మార్చి రాయాలి. చట్రం మాత్రం కదపకూడదు, 'రిలక్టెంట్ టు' తర్వాత క్రియ ఉంటే ఉండాల్సిందే. మూడోది పూర్తిగా సొంతం. చాలామంది మొదటిదాన్నుంచి నేరుగా మూడోదానికి దూకిస్తారు, విభక్తి తప్పులన్నీ అక్కడే పుడతాయి. రెండో వాక్యం నారుమడి లాంటిది. అది లేకుండా విత్తనం తీసుకెళ్ళి పొలంలో చల్లితే ఎంత మొలుస్తుందో మీకు తెలుసు.

ఇంకో అభ్యాసం, వారానికి ఒక్కసారి చాలు. పిల్లల చేత నిర్వచనం రాయించండి. అదీ వాళ్ళకి బాగా తెలిసిన, ఇంగ్లీషులో పేరు లేని వస్తువుకి. విజయనగరం సిరిమాను తీసుకోండి. జాతి: ఒక పొడవాటి చెట్టు మాను. తేడా: పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి దాని చివర కూర్చుంటే ఊరేగిస్తారు. 'ఎ లాంగ్ ట్రీ ట్రంక్ ఆన్ విచ్ ది ప్రీస్ట్ సిట్స్ డ్యూరింగ్...' అని మొదలెట్టేసరికి 'ఆన్ విచ్' అవసరం వాళ్ళకే తెలుస్తుంది. పొందూరు ఖద్దరు కోసం పత్తి ఏకడానికి వాడే వాలుగ చేప దవడ కూడా అలాంటిదే. 'ఎ టూల్ మేడ్ ఫ్రమ్...', 'యూజ్డ్ ఫర్ క్లీనింగ్...'. ఈ 'మేడ్ ఫ్రమ్', 'యూజ్డ్ ఫర్', 'ఎ పర్సన్ హూ', 'ఎ ప్లేస్ వేర్' అన్న నాలుగైదు చట్రాలు చేతిలోకొస్తే డిక్షనరీ చదవడం కూడా వేగం పుంజుకుంటుంది, ఎందుకంటే అక్కడి నిర్వచనాలూ ఎక్కువగా ఈ అచ్చులోనే పోసి ఉంటాయి. మాట గుర్తుకు రానప్పుడు చుట్టూ తిరిగి చెప్పడానికీ ఇవే దిక్కు.

పలాస జీడితోట

లెక్క నేను చెప్తాను. రోజుకి ఇరవై మానేయండి. ఐదు. వారానికి ఐదు రోజులు కొత్తవి, ఒకరోజు తిరగేయడానికి, ఆదివారం సెలవు. వారానికి 25, నలభై వారాల బడి సంవత్సరంలో 1,000. తక్కువ అనిపిస్తుంది గానీ, నిలబడే వెయ్యి చాలా ఎక్కువ.

ఇరవై ఎందుకు నిలబడదో చూడండి. నేర్చుకున్న మాటని 1, 3, 7, 15, 30వ రోజుల్లో మళ్ళీ చూడాలి. చదివింది మొదట్లో వేగంగానూ తర్వాత నెమ్మదిగానూ మరిచిపోతామని ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు, అందుకే ఎడం పెంచుకుంటూ పోవడం. రోజుకి ఐదు కొత్తవైతే తిరగేయాల్సినవి రోజుకి సుమారు 25. ఇరవై కొత్తవైతే 100. నెల తిరిగేసరికి పిల్లవాడు ఆ వందకి భయపడి మొత్తం వదిలేస్తాడు.

కార్డులు చేయించండి. పోస్టుకార్డులో పావు వంతు అట్టముక్క చాలు. ముందువైపు ఇంగ్లీషు మాట, వెనకవైపు తెలుగు రాయడం అలవాటు, దాన్ని తిరగేయండి. ముందువైపు ఖాళీతో ఉన్న వాక్యం, కింద చిన్న నిర్వచనం. వెనకవైపు మాట, దాని గుత్తి, అవసరమైతే ఒక తెలుగు మాట. మాట కనిపిస్తే అర్థం గుర్తుపట్టడం తేలిక, అది చదవడానికి సరిపోతుంది. రాయాలన్నా మాట్లాడాలన్నా మాటే బయటికి రావాలి, కాబట్టి ఆ దిక్కులోనే అలవాటు చేయాలి. మిఠాయి పెట్టెలో ఐదు అరలు చేసి, చెప్పగలిగిన కార్డు తర్వాతి అరలోకి, తప్పినది మళ్ళీ మొదటి అరలోకి. ఫోనున్నవాళ్ళకి ఆంకీ అనే కార్డుల యాప్ ఇదే పని చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం.

బొబ్బిలివారితో ఒక్క చోట ఏకీభవించను. సొంత వాక్యం అదే రోజు రాయించొద్దు. మూడో రోజు కార్డు చెప్పగలిగినవాడి చేతే రాయించండి. మొదటి రోజు రాసిన తప్పు వాక్యమే కొందరికి గట్టిగా గుర్తుండిపోతుంది, దాన్ని చెరపడం కొత్తమాట నేర్పడం కన్నా కష్టం.

బొబ్బిలి వీణ

ఆ మాట నిజమేనండి. చూసి రాసేదీ, మార్చి రాసేదీ మొదటి రోజు, సొంతది మూడో రోజు. అలా సర్దుకుంటే రోజు పనీ తేలికవుతుంది.

నాగావళి గట్టు

కార్డు వెనకవైపు ఇంకో గుర్తు చేర్చండి, ఊనిక ఎక్కడో. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు ఒకే బలంతో పలుకుతాం, ఇంగ్లీషులో అలా కుదరదు. 'రికార్డ్' నామవాచకమైతే మొదట్లో ఊనాలి, క్రియైతే చివర్లో. 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' కూడా అంతే. డిక్షనరీలో ఊనే భాగానికి ముందు పైన చిన్న నిలువుగీత ఉంటుంది, దాన్నే దించుకోమనండి. ఉచ్చారణ తెలుగు లిపిలో రాయించకండి. 'వి'కీ 'డబ్ల్యూ'కీ మనకున్నది ఒక్క 'వ'నే, 'వెజిటబుల్' చివర 'టేబుల్' వచ్చి కూర్చునేదీ అక్షరాలు చూసి చదవడం వల్లే. ఫోన్లో స్పీకరు బొమ్మ నొక్కి రెండుసార్లు విని, తర్వాత పైకి అనాలి. పన్నెండు మందికి ఒక్క ఫోను చాలు. ఐదు మాటలకీ కలిపి మూడు నిమిషాలు పట్టదు. కార్డు రాయక ముందే ఆ పని చేయించండి.