రాయగడ ఆసుపత్రికి 10జి కోర్ స్విచ్: గోడల్లో ఉన్న క్యాట్6తోనే నడిపించవచ్చా?

నాగావళి_నెట్ (రాయగడ)
అందరికీ నమస్కారం. ఇక్కడో ప్రైవేటు ఆసుపత్రికి నెట్‌వర్క్ పని నేనే చూస్తాను. మూడంతస్తులు, గోడల్లో అంతా క్యాట్6 రకం రాగి నెట్‌వర్క్ కేబులే. కొత్తగా సీటీ స్కాన్ మెషీన్ వస్తోంది. ఇమేజీల సర్వర్, డాక్టర్ల గదుల్లో సిస్టమ్‌లు, వైఫై, కెమెరాలు అన్నీ పాత 1జి (సెకనుకు 1 గిగాబిట్) స్విచ్‌ల మీదే ఉన్నాయి. "మాటిమాటికీ మార్చకుండా ఈసారి పెద్దదే కొనెయ్" అంటున్నారు మేనేజ్‌మెంట్ వాళ్లు. కోర్‌కి, అంటే మిగతావన్నీ వచ్చి కలిసే ప్రధాన స్విచ్‌కి, 24 పోర్టులూ 10జి కాపర్ (రాగి కేబుల్‌వి) ఉన్నది తీసుకుందామని ఉంది. ఫైబర్ అంటే స్ప్లైసింగ్‌కి (పోగులు అతకడానికి) వైజాగ్ నుంచి మనిషిని పిలవాలి, ఆ గొడవెందుకని. వాడినవాళ్లు చెప్పండి.

జయపురం_బాబు (జయపురం, కొరాపుట్ జిల్లా)
స్విచ్ సంగతి తర్వాత గురూ, కేబుల్ పొడవులు కొలిచారా? క్యాట్6 మీద 10జికి 55 మీటర్లు అంటారు గానీ, కేబుళ్లన్నీ ఒకే కట్టగా బిగించి ఉంటే 37 దాటాక గ్యారంటీ లేదు. పక్క కేబుల్‌లో నడిచే సిగ్నల్ దీంట్లోకి చొరబడుతుంది. నిండా 100 మీటర్లు కావాలంటే క్యాట్6ఏ వెయ్యాల్సిందే.

ఇంకోటి. అది అసలు రాగేనా? ఒక తీగ చివర బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా తేలితే అల్యూమినియం మీద రాగి పూత. మన వైపు షాపుల్లో డబ్బా మీద క్యాట్6 అనే రాసి అమ్ముతారు. దాని మీద 10జి మాట మర్చిపోండి. పీఓఈ (అదే కేబుల్‌లో కరెంటు) కూడా ఇవ్వొద్దు, వేడెక్కిపోతుంది.

నాగావళి_నెట్
గీకి చూశాను, లోపలా ఎర్రగానే ఉంది. కింది అంతస్తు లైన్లు 30 మీటర్ల లోపే. పై అంతస్తు చివరి గదులు 60 దాటాయి. కట్టలు మాత్రం జిప్ టైలతో గట్టిగా బిగించేశారు.

పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి)
నా ఓటు అన్నీ 10జి ఉన్నదానికే. రేపు ఎంఆర్ఐ వస్తుంది, ఎల్లుండి ఇంకేదో వస్తుంది. దూరం ఎక్కువైన చోట స్పీడు అదే తగ్గించుకుంటుంది కదా, నష్టమేముంది?

జయపురం_బాబు
తగ్గించుకోవడం వరకూ నిజమే మాస్టారూ. కానీ ఎంతకి తగ్గుతుందో చూడాలి. 2.5జి, 5జి ప్రమాణం 2016లో వచ్చింది. అంతకు ముందు తయారైన 10జి కాపర్ స్విచ్‌లు చాలావాటిలో అవి ఉండవు, 10 కుదరకపోతే నేరుగా 1జికి పడిపోతాయి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేవి ఎక్కువగా అవే. ఒక్కోసారి 10 దగ్గరే లింక్ నిలబడి, లోపల ఎర్రర్లు పెరుగుతూ ఉంటాయి. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫైల్ మాత్రం నత్తలా నడుస్తుంది. పోర్టు లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) చూస్తే గానీ దొరకదు.

మిరపఘాటు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)
డాక్టర్ టేబుల్ దాకా 10జి ఎందుకో ఎవరైనా లెక్కేశారా? సీటీలో ఒక స్లైస్ 512×512, పిక్సెల్‌కి రెండు బైట్లు, అంటే అర ఎంబీ. వెయ్యి స్లైసులున్న స్టడీ 500 ఎంబీ. 1జి లైన్ సెకనుకు 110 ఎంబీ దాకా ఇస్తుంది, అయిదు సెకన్లలో వచ్చేస్తుంది. 2.5జి అయితే రెండు సెకన్లు. ఇప్పుడు ఆలస్యమవుతోందంటే పదిమంది ఒకేసారి అడిగినప్పుడు సర్వర్ దగ్గర లైను చాలక. అంటే 10జి కావాల్సింది సర్వర్‌కి, బ్యాకప్ నాస్‌కి (నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజీ పెట్టె), అంతస్తుల మధ్య లింకులకి. ఆ సర్వర్‌లో మామూలు హార్డ్‌డిస్కులు రెండే ఉంటే 10జి పెట్టినా దండగే, ఒక్కో డిస్కు సెకనుకు 200 ఎంబీ చుట్టుపక్కలే ఇస్తుంది. ముందు అది చూసుకోండి.

కెమెరాలకైతే తలా కొన్ని ఎంబీపీఎస్ చాలు. వాటిని వేరే వీల్యాన్‌లో (అవే స్విచ్‌ల మీద విడదీసిన నెట్‌వర్క్) పెట్టండి, కోర్‌కి ఆ నెట్‌వర్క్‌లని కలిపే లేయర్ 3 రౌటింగ్ ఉండేలా చూసుకోండి.

బొగ్గుగని_భాయ్ (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)
అందరూ స్పీడే మాట్లాడుతున్నరు, వేడి గురించి ఒక్కరూ అనరేంది? మా దగ్గర మే నెలలో 46, 47 మామూలే. డేటాషీట్‌లో 45 అనో 50 అనో రాసి ఉంటుంది, అది ర్యాక్ లోపలి గాలికి వర్తించే లెక్క. 10జి కాపర్ పోర్టు ఒక్కోటి రెండు నుంచి అయిదు వాట్ల దాకా తాగుతుంది. 24 పోర్టులు నిండితే ఫ్యాన్ల మోత రిసెప్షన్ దాకా వినిపిస్తుంది. యూపీఎస్ మీదా మస్తు భారం.

ఎస్‌ఎఫ్‌పీ+ స్విచ్ (మాడ్యూళ్లు గుచ్చే 10జి గూళ్లున్నది) కొని కాపర్ మాడ్యూళ్లు గుచ్చుదామనుకుంటే అదింకా తంటా. ఒక్కోటి రెండున్నర వాట్ల దాకా లాగుతుంది, చాలావాటికి 30 మీటర్లే హద్దు, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పక్కపక్క గూళ్లలో పెట్టొద్దు, మధ్యలో ఒకటి ఖాళీ వదలండి. ఒకటి రెండు చోట్లయితే సరే గానీ వాటితోనే కోర్ నడపకండి.

సర్వర్, స్విచ్ ఒకే ర్యాక్‌లో ఉంటే డ్యాక్ కేబుల్ (రెండు చివరలా ఎస్‌ఎఫ్‌పీ+ ప్లగ్గులతో వచ్చే పొట్టి కేబుల్) వెయ్యండి. మూడు మీటర్లది చాలు, కరెంటు దాదాపు తినదు. అదీ రాగే కదా, మీ కాపర్ పట్టుదలా తీరుతుంది!

జయపురం_బాబు
మందుల షాపు, జనరేటర్ గది విడిగా ఉన్నాయా? ఉంటే భవనాల మధ్య రాగి తీగ లాగకండి. మన ఏజెన్సీ ప్రాంతంలో పిడుగుల సంగతి తెలిసిందే. మా క్లయింటు ఒకరి దగ్గర పిడుగు చెట్టు మీద పడితే, రెండు భవనాలకీ ఎర్త్ వేరవడంతో ఆ కేబుల్ వెంట వచ్చి పోర్టుల వరస మొత్తం పోయింది. అక్కడ ఫైబరే. స్ప్లైసింగ్ టెన్షన్ అక్కర్లేదు, రెండు వైపులా కనెక్టర్లు బిగించిన కేబుల్ కావాల్సిన పొడవులో రెడీగా దొరుకుతుంది. పైపులోంచి లాగి గుచ్చడమే. లాగేటప్పుడు కనెక్టర్ పట్టుకుని లాగకూడదు, మెలి పడనివ్వకూడదు.

నాగావళి_నెట్
కనెక్టర్లతో వస్తుందని ఇప్పుడే తెలిసింది, సగం భారం దిగింది. ఇలా అనుకుంటున్నా: కోర్‌కి మైక్రోటిక్ సీఆర్‌ఎస్312 లాంటిది, 8 కాపర్ 10జి, 4 కాంబో పోర్టులు (కాపర్ గానీ ఎస్‌ఎఫ్‌పీ+ గానీ). సర్వర్, నాస్ డ్యాక్ మీద. పై అంతస్తులకి ఫైబర్, అక్కడ 2.5జి పీఓఈ స్విచ్‌లు, వైఫై వాటి మీదే.

మిరపఘాటు
పోర్టులు తక్కువ పడొచ్చు, అంతస్తుకో లింకు లెక్కేసి రెండు మూడు ఖాళీ ఉంచుకోండి. పీఓఈ స్విచ్ మొత్తం వాటేజీ కూడా చూడండి. ఆ వాట్ల బడ్జెట్ తక్కువైతే పోర్టులెన్ని ఉన్నా అన్నిటికీ 30 వాట్లు రావు.

పర్లాకిమిడి_మాస్టారు
సరే, ఎంఆర్ఐ వచ్చినప్పుడు చూద్దాం లెండి. వైజాగ్‌లో కొంటే ఈ-వే బిల్లు అడగండి, సరుకు 50 వేలు దాటి రాష్ట్రం దాటుతోంది. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, లేకపోతే వారంటీ దగ్గర చుక్కలు చూపిస్తారు.

బొగ్గుగని_భాయ్
పాత 1జి స్విచ్‌లు అమ్మకు అన్నా. ఒకటి కాన్ఫిగర్ చేసి బీరువాలో పెట్టు. కోర్ పోతే కొత్తది వచ్చేదాకా ఓపీ నడవాలి గదా.