బ్రాన్‌వెన్, బెట్టీ క్యాంప్‌బెల్ ఒకే గోడ మీదా?

సుజాత_స్వాన్సీ:
ఇయర్ 3 పిల్లలకి (ఏడెనిమిదేళ్లు) ఆరు వారాల టాపిక్: వేల్స్ పాత గాథలు, చరిత్రలో స్త్రీలు. 2022 సెప్టెంబరులో మొదలైన కరిక్యులంలో ఫలానా వాళ్ల గురించే చెప్పాలన్న జాబితా లేదు, ఎంపిక బడిదే. మొదటి మూడు వారాలు గాథల్లోని రియానన్, బ్రాన్‌వెన్. తర్వాత చరిత్రలోని వాళ్లు: సైన్యాన్ని నడిపిన రాకుమారి గ్వెన్‌లియన్, ఫ్రెంచివాళ్లకి ఎదురెళ్లిన జెమైమా నికొలస్, 19వ శతాబ్దపు కవయిత్రి క్రానోగ్వెన్, వేల్స్‌లో తొలి నల్లజాతి హెడ్‌టీచర్ బెట్టీ క్యాంప్‌బెల్. అందరికీ కలిపి గోడ మీద ఒకే టైమ్‌లైన్ అనుకుంటున్నాం. మీరేమంటారు?

పాతరాతలు:
వద్దండీ. బ్రాన్‌వెన్‌ని ఏ సంవత్సరం దగ్గర అతికిస్తారు? పిట్టకి మాటలు నేర్పి అన్నకి కబురంపిందామె, ఆ అన్న సముద్రంలో నడుచుకుంటూ ఐర్లండ్ వెళ్లాడు. ఆమె పక్కనే బెట్టీ ఫొటో పెడితే ఏడేళ్ల పిల్లకి ఇద్దరూ ఒకటే.

టైమ్‌లైన్ కావాలంటే తాడు కట్టండి. 1136లో గ్వెన్‌లియన్ యుద్ధం నుంచి 2021లో బెట్టీ విగ్రహం దాకా 885 ఏళ్లు. ఏడాదికి 5 మిల్లీమీటర్లు వేసుకుంటే సుమారు 4.4 మీటర్లు, క్లాసు గోడకి సరిపోతుంది. సెంటీమీటరు వేశారా, కారిడార్‌లోకి పోవాలి. బ్రాన్‌వెన్ బొమ్మ పెట్టకండి, ఆమె కథ ఉన్న రాతప్రతి బొమ్మ పెట్టండి. రిదెర్ఖ్ తెల్ల పుస్తకం సుమారు 1350 నాటిది, అంటే తాడు మొదలు నుంచి 107 సెంటీమీటర్ల దగ్గర.

న్యూపోర్ట్_నాని:
పాత గాథల్లో బ్లోడెవెద్ అనే ఆవిడ కథ మాత్రం ఈ వయసుకి వద్దు. ప్రియుడితో కలిసి మొగుణ్ణి చంపబోవడం అవీ ఎవరు వివరిస్తారు?

సుజాత_స్వాన్సీ:
బ్లోడెవెద్ లిస్టులోనే లేదు నానీ.

పాతరాతలు గారూ, తాడు బాగుంది, తీసుకుంటా. కానీ విడదీయడం పిల్లలే చెయ్యాలి. నేల మీద రెండు హూప్‌లు (ఆటల పీరియడ్‌లో వాడే పెద్ద రింగులు), మధ్యలో కొంచెం కలిసేట్టు. ఒకటి "ఆ కాలంలోనే రాసిపెట్టారు", రెండోది "తర్వాత చెప్పుకున్నారు". గుంపుకి 12 కార్డులు, నలుగురు పిల్లలు. ఒక్కో కార్డు మీద ఒక్కటే వాక్యం ఉండాలి. రెండుంటే ఒకటి ఇటు, ఒకటి అటు లాగుతుంది, గొడవ మొదలవుతుంది.

పాతరాతలు:
జెమైమా కార్డు మీద ఏం రాస్తారు?

సుజాత_స్వాన్సీ:
"1797లో గడ్డి ఎత్తే పంగలకర్రతో 12 మంది ఫ్రెంచి సైనికుల్ని పట్టుకుంది."

పాతరాతలు:
అదిగో! ఫిబ్రవరి 22న వేల్స్ పడమటి తీరంలో ఫిష్‌గార్డ్ దగ్గర సుమారు 1400 మంది ఫ్రెంచి సైన్యం దిగింది, 24న ఆ పక్కనే గుడ్‌విక్ ఇసుకలో వాళ్లు ఆయుధాలు అప్పగించారు. అంతవరకు చరిత్ర. ఆ పన్నెండు మంది సంగతి ఊళ్లో చెప్పుకున్నది.

టీకప్పు:
ఆమె సమాధిరాయి ఫిష్‌గార్డ్ చర్చి దగ్గర ఉంది కదండీ, ఇంకేం ఆధారం కావాలి?

పాతరాతలు:
ఆమె చనిపోయింది 1832లో. రాయి వేయించింది 1897లో, శతాబ్ది విందులో చందాలు పోగుచేసి. ఫ్రెంచివాళ్లకి ధైర్యంగా ఎదురెళ్లిందని దాని మీద ఉంది. పన్నెండు మంది మాట లేదు.

సమాధి ఉంటే కథ నిజమైపోదు. ఉత్తర వేల్స్‌లోని బెడ్‌గెలర్ట్ ఊళ్లో, కథలోని గెలర్ట్ అనే కుక్కకీ సమాధి ఉంది. మన పంచతంత్రంలో బిడ్డని కాపాడి, అనుమానానికి బలైన ముంగిస కథే అది, ముంగిస బదులు కుక్క. సమాధిని 18వ శతాబ్దం చివర అక్కడి హోటలాయన జనాన్ని రప్పించుకోవడానికి ఏర్పాటు చేశాడని చెబుతారు.

సుజాత_స్వాన్సీ:
కుక్కతో పోల్చడం బాగుంది.

పాతరాతలు:
పోల్చింది రాళ్లని, మనిషిని కాదు.

సుజాత_స్వాన్సీ:
మీ జల్లెడ ఎంత సన్నమో చూద్దాం. గ్వెన్‌లియన్ సైన్యాన్ని నడిపిందనీ, కిడ్వెలీ దగ్గర చంపేశారనీ చెప్పేది జెరాల్డ్ అనే ఆ కాలపు రచయిత. రాసింది 1191 ప్రాంతంలో, అర్ధశతాబ్దం తర్వాత. మీ లెక్కన ఆమె కూడా పోవాలి. ఆ కాలంలో ఆడవాళ్ల గురించి రాసిందెవరు? ఆధారం ఆధారం అంటూ కూర్చుంటే తాడు మీద మొదటి ఏడొందల ఏళ్లూ ఖాళీ!

న్యూపోర్ట్_నాని:
గ్వెన్‌లియన్‌లు ఇద్దరు. 1282లో పుట్టి, పసికందుగా లింకన్‌షైర్ మఠానికి వెళ్లి, 1337లో అక్కడే పోయినావిడ వేరు. దొరికే వర్క్‌షీట్లలో ఇద్దర్నీ కలిపేస్తారు, చూసుకోండి.

పాతరాతలు:
ఖాళీ ఉంటే ఉండనీయండి! ఆ ఖాళీ ఎందుకుందో పిల్లలు అడగాలి. మేడమ్, ప్రతిచోటా ఇదే తంతు. రాజుల పాఠానికి కోటలు, తేదీలు, బస్సు పెట్టి ట్రిప్పు. ఆడవాళ్ల పాఠానికి పువ్వులు, పిట్టలు, రంగులేసే కాగితం. బెట్టీ విగ్రహం పెట్టినప్పుడు, పేరున్న, కల్పితం కాని స్త్రీకి వేల్స్‌లో బహిరంగంగా నిలిపిన తొలి విగ్రహమని ప్రచారమైంది. 2021లో! నాకు మండేది అక్కడ. క్రానోగ్వెన్ నావికులకి నావిగేషన్ నేర్పింది, 1865లో ఐస్టెడ్‌వొడ్‌లో (వెల్ష్ కవితా, సంగీత పోటీల పండగ) ఇస్లుయిన్, కైరియోగ్ లాంటి కవుల్ని ఓడించింది. అన్నీ అచ్చులో ఉన్నాయి. ఆమెకి మీరిచ్చేది మూడు రోజులు, బ్రాన్‌వెన్‌కి వారంన్నర.

సుజాత_స్వాన్సీ:
ఇది మొదటే చెప్పుంటే సరిపోయేది కదా. మీ గొడవ గాథలతో కాదు, వారాలతో.

కానీ రియానన్‌ని తగ్గించను. బిడ్డ మాయమయ్యాడు. కాపలా ఆడవాళ్లు కుక్కపిల్ల రక్తం ఆమె ముఖానికి పూసి, తల్లే చంపిందన్నారు. ఏడేళ్లు అర్బెర్త్‌లో గుర్రమెక్కే దిమ్మ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకి తన కథ చెప్పి, వీపు మీద మోస్తానని అడగాలి, అదీ శిక్ష. "ఎవరు చూశారు? ఎవరు చెప్పారు?" అని పిల్లలు అడగడం నేర్చుకునేది అక్కడే. ఆ తర్వాతే హూప్‌లు.

పాతరాతలు:
రియానన్ సరే. భాష పీరియడ్‌లో చెప్పండి, బ్రాన్‌వెన్ వారంన్నర క్రానోగ్వెన్‌కి ఇవ్వండి.

సుజాత_స్వాన్సీ:
వారం ఇస్తా. మిగతా సగం బ్రాన్‌వెన్‌దే.

పాతరాతలు:
మరి జెమైమా?

సుజాత_స్వాన్సీ:
రెండు హూప్‌లూ కలిసేచోట.

పాతరాతలు:
ఒక్కో కార్డుకి ఒక్కటే వాక్యం అన్నది మీరే. రెండు కార్డులు చెయ్యండి: "ఫిష్‌గార్డ్‌లో ఉండేది" ఇటు, "12 మంది" అటు.

టీకప్పు:
అప్పుడు 13 కార్డులవుతాయి.