కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో సీటు: నకిరేకల్ తమ్ముడికి జవాబులు

నకిరేకల్ నుంచి:

అన్నలకు, అక్కలకు నమస్తే. అక్టోబరులో ఎంఫిల్ చదవడానికి కేంబ్రిడ్జి వస్తున్న. కాలేజీ ట్రినిటీ అని వచ్చింది. రూము వాళ్లే ఇస్తమన్నరు. వంట చేసుకోవచ్చా? ఇంటి నుంచి ఏమేం తెచ్చుకోవాలె? లండన్‌లో మా చిన్నాయన కొడుకు ఉన్నడు, ఆయన దగ్గరుండి రోజూ రైల్లో వచ్చిపోతే ఖర్చు తగ్గుతదా? నల్లగౌను ఇక్కడే కుట్టించుకోవాలెనా?

మిర్యాలగూడ అక్క, కేంబ్రిడ్జి:

తమ్ముడూ, ముందు లండన్ ఆలోచన మానుకో. పీజీ వాళ్లు టర్ము నడిచే రోజుల్లో గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి నుంచి 10 మైళ్ల లోపలే ఉండాలన్నది యూనివర్సిటీ నియమం. యూజీ పిల్లలకైతే 3 మైళ్లే. ఈ చర్చి ఊరి నడిమిట్ల, మార్కెట్ పక్కనే ఉంటది. అనుమతి లేకుండా లండన్‌లో ఉంటే ఆ టర్ము లెక్కలోకి రాదు, డిగ్రీకి అడ్డం పడుతది. వీసాకు స్పాన్సర్ యూనివర్సిటీయే కాబట్టి నువ్వు ఉండే అడ్రసు వాళ్ల దగ్గర సరిగ్గా ఉండాలె.

ఇంకోటి మొదట్లోనే తెలుసుకో. మన నల్లగొండ ఎన్జీ కాలేజీలో పాఠం, ఫీజు, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ ఒక్క ఆవరణలోనే తేలుతయి. ఇక్కడ క్లాసులు, సూపర్‌వైజర్ (నీ చదువుకు గైడు), మార్కులు డిపార్ట్‌మెంట్‌వి. రూము, భోజనశాల, కాలేజీ లైబ్రరీ, నర్సు, కష్టకాలంలో డబ్బు సాయం కాలేజీవి. కాలేజీలో నీకు ఒక ట్యూటర్‌ను ఇస్తరు. ఆయన నీకు పాఠం చెప్పడు, మార్కులు వెయ్యడు. అందుకే ఆరోగ్యం బాగలేకున్నా, ఇంటి నుంచి పైసలు ఆగినా, సూపర్‌వైజర్‌తో పడకున్నా ఆయనకు నిర్భయంగా చెప్పుకోవచ్చు. మన పిల్లలు పరువు పోతదని నెలల తరబడి దాచిపెడ్తరు. గడువు దాటినంక చెప్తే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండదు. అవసరం పడగానే మెయిల్ రాయి.

ఇగ వంట. మెట్ల దగ్గరో, అంతస్తుకొకటో చిన్న వంటగది ఉంటది, దాన్ని జిప్ రూమ్ అంటరు. ఫ్రిజ్, మైక్రోవేవ్, పొయ్యి మామూలుగా ఉంటయి. ఓవెన్ అన్నిచోట్లా ఉండదు. పాత బిల్డింగుల్లో ఈ గదులు మరీ ఇరుకు. రూము అడిగే ఫారంలో "వంట సౌకర్యం ముఖ్యం" అని రాయి. నదికి అవతల బరెల్స్ ఫీల్డ్ కూడా ట్రినిటీదే, యూనివర్సిటీ లైబ్రరీ అక్కడికి దగ్గర. గ్రేట్ కోర్ట్ (ట్రినిటీ పెద్ద ఆవరణ) వైపు రూము చూడ ముచ్చటగా ఉంటది గాని, అక్కడి గడియారం ప్రతి గంటా రెండుసార్లు కొడుతది, రాత్రి పూట కూడా. నిద్ర తేలికైతే ఆలోచించుకో.

పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచెయ్యదు. కొనేటప్పుడు అడుగుకు అయస్కాంతం పెట్టి చూడు, గట్టిగా అతుక్కుంటేనే తీసుకో. ఒక్కరికి 3 లీటర్ల స్టీలు కుక్కర్ చాలు. ఆ కంపెనీ గ్యాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వు రెండు ఎక్కువ పెట్టుకో, ఇక్కడ వెతికితే తిప్పలైతది. ఎండుమిర్చి తాలింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి, కారిడార్ తలుపు మూసెయ్యి. పొగ కారిడార్‌లోకి పోతే స్మోక్ అలారం మోగి బిల్డింగ్ మొత్తం బయటికి రావాలె. పొగ పోవాలని తలుపు తెరవడమే అందరూ చేసే తప్పు, కిటికీ తెరువు. పడకగదిలో వంట వద్దు, రైస్ కుక్కర్ కూడా పెట్టొద్దు. అగర్బత్తి, దీపం కూడా రూములో వెలిగించొద్దు. దీపావళికి బ్యాటరీ దీపాలు పెట్టుకో.

బియ్యం మోసుకురాకు. మిల్ రోడ్ దుకాణాల్లో సోనా మసూరి, పప్పులు, చింతపండు దొరుకుతయి. జొన్నపిండి కావాలంటే ప్యాకెట్ మీద "జువార్" అని చూడు. ఇదే ట్రినిటీకి 1914లో వచ్చిన రామానుజన్ శాకాహారి, రూములోనే వండుకున్నడు. యుద్ధం రోజుల్లో సరుకులు దొరక్క చాలా గోస పడ్డడు. నీకు ఆ బాధ లేదు.

కారప్పొడి, మామిడి తొక్కు, సకినాలు, ఎండబెట్టి దంచిన కరివేపాకు పొడి తెచ్చుకో. నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టొద్దు. మాంసం, పాలతో చేసినవి మన దేశం నుంచి తేవడం నిషేధం, విమానాశ్రయంలో తీసి పారేస్తరు. అమ్మ నొచ్చుకుంటదని బ్యాగులో దాచి తేకు.

దేవరకొండ అన్న, లండన్:

అక్క చెప్పినదానికి కొంచెం కలుపుత. గౌను కుట్టించొద్దు. కేంబ్రిడ్జి డిగ్రీ లేకుండా వచ్చే పీజీ వాళ్లు 24 ఏళ్లు నిండకుంటే బీఏ స్టేటస్ గౌను, నిండితే ఎంఏ స్టేటస్ గౌను వేసుకోవాలె. రెండింటి కోత వేరు. ట్రినిటీ యూజీ పిల్లలది నీలం గౌను, ఫొటోల్లో అది చూసి మోసపోకు. వచ్చినంక పాత గౌను కొనుక్కో, సగం పైసలు మిగులుతయి. మెట్రిక్యులేషన్‌కు (యూనివర్సిటీలో చేరే వేడుక), ఫార్మల్ హాల్ (గౌను వేసుకొని కూర్చునే రాత్రి విందు) భోజనానికి పనికొస్తది.

ఫార్మల్ హాల్‌కు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యాలె. శాకాహారమా, బీఫ్ వద్దా అన్నది బుక్ చేసేటప్పుడే రాయాలె, టేబుల్ దగ్గర చెప్తే కుదరదు. లాటిన్‌లో ప్రార్థన అయ్యేదాక నిలబడు. చెంచాలు, ఫోర్కులు బయటి వరుస నుంచి లోపలికి వాడుకుంట పో, అంతే. కోర్టుల్లో, అంటే కాలేజీ ఆవరణల్లో, గడ్డి మీద నడిచే హక్కు ఫెలోలకే (కాలేజీ పెద్ద అధ్యాపకులకే), రాళ్లబాట మీదనే నడువు.

సైకిల్ లేకుండా ఆ ఊర్లో రోజు గడవదు. సైకిల్ దొంగతనాలు కూడా అక్కడ ఎక్కువే. ఇనుప చైను కాదు, డీ-లాక్ (డీ అక్షరం ఆకారంలో ఉండే గట్టి తాళం) కొను. చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం మిగిలి సైకిల్ పోతది, ఫ్రేమును స్టాండుకు కలిపి వెయ్యి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుంటే ఫైన్ వేస్తరు. నంబరు కాలేజీలో రిజిస్టర్ చేయించు.

లైబ్రరీలు మూడంచెలు: కాలేజీది, డిపార్ట్‌మెంట్‌ది, యూనివర్సిటీది. పెద్ద లైబ్రరీ బిల్డింగు 1934లో తెరిచిండ్రు, దేశంలో అచ్చయ్యే పుస్తకం తెప్పించుకునే చట్టబద్ధ హక్కు దానికి ఉన్నది. ఇక్కడ కొత్తవాళ్లు తికమక పడే చోటు ఒకటి: పుస్తకాలను విషయంతో పాటు ఎత్తును బట్టి కూడా సర్దుతరు. పుస్తకం నంబరు నడుమ ఉండే అక్షరం ఆ ఎత్తును చెప్తది. ఒక్క అరలో లేదని పుస్తకమే లేదనుకోకు, వేరే సైజు అరలో ఉంటది.

నారాయణపేట నుంచి, బర్మింగ్‌హామ్:

కార్డు వీసా ఇప్పుడు లేదు, అంతా ఈ-వీసా. బయల్దేరకముందే యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) ఖాతా ఆన్‌లైన్‌లో తెరిచి, అందులో పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉందా చూసుకో. హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు కట్టినంక డాక్టర్‌కు వేరే ఫీజు ఉండదు. కాని జీపీ (ఉండే ఏరియా డాక్టరు) దగ్గర నీ అంతట నువ్వే పేరు రాయించుకోవాలె. జ్వరం వచ్చినంక కాదు, దిగిన వారంలోనే రాయించు. యూజీ పిల్లలకు సెలవులిచ్చినప్పుడు నీకూ సెలవే అనుకొని వారానికి 20 గంటల కన్నా ఎక్కువ పనికి పోకు. నీ కోర్సుకు ఏవి సెలవులో డిపార్ట్‌మెంట్‌ను మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచిపెట్టుకో.

నకిరేకల్ నుంచి:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. విమానం రాత్రి 9 గంటలకు హీత్రూలో దిగుతది. కాలేజీ చేరేసరికి అర్ధరాత్రి దాటితే తాళం ఎవరిస్తరు?

మిర్యాలగూడ అక్క, కేంబ్రిడ్జి:

గ్రేట్ గేట్ (కాలేజీ పెద్ద దర్వాజ) దగ్గర పోర్టర్స్ లాడ్జ్‌లో (కాలేజీ కాపలావాళ్ల గది) రాత్రంతా మనుషులుంటరు. పాస్‌పోర్టు, కాలేజీ పంపిన రూము మెయిల్ చూపించు, తాళం ఇస్తరు. వచ్చే టైము వాళ్లకు ముందురోజే రాసిపెట్టు. హీత్రూ నుంచి కోచ్ నేరుగా వస్తది, సుమారు మూడు గంటలు పడుతది. ఇమిగ్రేషన్ లైను పొడుగుంటది కాబట్టి 11 గంటల తర్వాతి కోచ్‌కే టికెట్ తీసుకో. దుప్పటి, దిండు కాలేజీ ఇస్తదో లేదో ఆ మెయిల్‌లోనే అడుగు. ఇయ్యకపోతే మొదటి రాత్రికి ఒక చద్దరు చేతి బ్యాగులో పెట్టుకో.