రింగ్ బఫర్‌లో టెయిల్ చదవడానికి రిలాక్స్‌డ్ సరిపోతుందా?

నమస్కారమండీ. సీ ప్లస్ ప్లస్ అటామిక్స్‌తో (థ్రెడ్లు సురక్షితంగా పంచుకునే వేరియబుల్స్) రింగ్ బఫర్ రాశాను, అంటే చివరి గడి తర్వాత మళ్లీ మొదటి గడికి తిరిగే క్యూ. హెడ్ అంటే తర్వాత రాయాల్సిన చోటు, టెయిల్ అంటే తర్వాత చదవాల్సిన చోటు. రాసే థ్రెడ్ ఒకటి, చదివే థ్రెడ్ ఒకటి, అంతే. మొదట అన్నిచోట్లా రిలాక్స్‌డ్ (మిగతా రాతలు, చదువులతో వరుసకు హామీ ఇవ్వని పద్ధతి) పెట్టాను. ఎక్స్86 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్న బోర్డులో పాత డేటా వచ్చింది. ఎక్స్86 రెండు స్టోర్ల (మెమరీలో రాతల) వరుస మార్చదు కాబట్టి తప్పు దాగిందన్నమాట. హెడ్ స్టోర్‌ని రిలీజ్ (దాని ముందున్న పనులు దాని తర్వాతకి జారవు), చదివే థ్రెడ్‌లో హెడ్ లోడ్‌ని (మెమరీ నుంచి చదవడాన్ని) అక్వైర్ (దాని తర్వాతి పనులు దాని ముందుకి జరగవు) చేశాక కుదిరింది.

నా సందేహం టెయిల్ దగ్గర. రాసే థ్రెడ్ టెయిల్ చదివి, ఖాళీ ఉంటేనే రాస్తుంది. మధ్యలో ఇఫ్ ఉంది కదా, ఆ లోడ్ రిలాక్స్‌డ్‌గా ఉంటే ఫర్వాలేదా? ఏఆర్ఎం ఆ ఇఫ్ తేలకముందే స్టోర్‌ని బయటపెట్టదు. కానీ భాషా ప్రమాణం ఆ హామీ ఇవ్వదు. అవతలివాళ్లు ఇంకా చదువుతున్న గడి మీదే రాసేస్తానేమోనని భయం. ఇక్కడా అక్వైర్, రిలీజ్ జత తప్పదా? తెలిసినవారు కాస్త వివరించండి, రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను.