మానసిక రోగుల ఉమ్మడి రికార్డుకు జిల్లా పరిషత్ నిధులు ఇవ్వవచ్చా?

ప్రశ్న: ఒక జడ్పీటీసీ సభ్యురాలు

అందరికీ నమస్కారం. నేను గ్రామీణ మండలం నుంచి ఎన్నికై, జిల్లా పరిషత్ విద్య, వైద్య స్థాయీ సంఘంలో సభ్యురాలిగా ఉన్నాను. మా మండలంలో మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారిలో కొందరు జిల్లా ఆసుపత్రికి వెళతారు, కొందరు పక్క జిల్లాలోని బోధనాసుపత్రికి వెళతారు, కాస్త స్తోమత ఉన్నవారు ప్రైవేటు డాక్టర్లకు చూపించుకుంటారు. ఊరికి దగ్గరలో ఉన్న పీహెచ్‌సీకి మాత్రం వీరిలో ఎవరు ఏ మందు మీద ఉన్నారో తెలియదు. ఓపీ చీటీ పోతే వైద్యం మళ్లీ మొదటికి వస్తుంది. మా ఊళ్లో ఒక తల్లి తన కొడుకు జబ్బు సంగతి ఏడేళ్లుగా కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా మొదటి నుంచి చెప్పుకుంటూనే ఉంది. మందు పేరు నోరు తిరగక, ఖాళీ అయిన మాత్రల అట్టను కొంగున ముడివేసుకుని వెళ్లేది.

జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నీ చూడగలిగే ఉమ్మడి రికార్డు ఒకటి ఉండాలని స్థాయీ సంఘంలో తీర్మానం ప్రతిపాదించాలనుకుంటున్నాను. ఇటువంటి పనికి స్థానిక సంస్థ డబ్బు ఇవ్వవచ్చా, ఇస్తే ఏ పద్దు కింద ఇవ్వాలి, రోగి గోప్యతకు భంగం రాకుండా ఏ షరతులు పెట్టాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1: పంచాయతీరాజ్ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి

అమ్మా, నమస్కారం. అధికారం విషయంలో మీకు సందేహం అక్కరలేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 23వ అంశం ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యాన్ని పంచాయతీల పరిధిలో చేర్చింది. పట్టణాలకైతే పన్నెండో షెడ్యూలు 6వ అంశంలో ప్రజారోగ్యం ఉంది. చిక్కంతా పద్దుల దగ్గరే వస్తుంది.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలన్న షరతు ఉంది. మిగిలిన 40 శాతాన్ని పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని, జీతాలకు, సిబ్బంది నిర్వహణ ఖర్చులకు వాడరాదు. మీ ప్రతిపాదన తగిలి పడే మెట్టు ఇదేనని నా అభిప్రాయం. కంప్యూటర్లు కొనడానికి ఆ డబ్బు పనికివస్తుంది, వాటి ముందు కూర్చునే మనిషికి జీతం ఇవ్వడానికి పనికిరాదు.

ఇదే ఆర్థిక సంఘం ఆరోగ్యం కోసం స్థానిక సంస్థల ద్వారా రూ. 70,051 కోట్లు వేరుగా సిఫార్సు చేసింది. భవనాలు లేని ఉపకేంద్రాలు, పీహెచ్‌సీలకు భవనాలు, రోగ నిర్ధారణ సదుపాయాలు, బ్లాక్ పబ్లిక్ హెల్త్ యూనిట్లు, పట్టణ వెల్‌నెస్ కేంద్రాలు వంటి పనులకు దానిని నిర్దేశించారు. బ్లాక్ యూనిట్లో ప్రయోగశాలతో పాటు ఆరోగ్య సమాచార విభాగం కూడా భాగమే కాబట్టి, మీ మండలానికి ఆ యూనిట్ మంజూరై ఉంటే ముందుగా జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో దాని స్థితి కనుక్కోండి. ఉన్న విభాగానికి పని పెంచడం కొత్త విభాగాన్ని పుట్టించడం కంటే తేలిక.

మనుషుల జీతాలకు మరో దారి ఉంది. మీది గనులున్న జిల్లా అయితే గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ ఫౌండేషన్) నిధులను చూడండి. ఆరోగ్యం అందులో అధిక ప్రాధాన్య రంగం. పైగా వైద్య సదుపాయం సరిగా పనిచేయడానికి కావలసిన సిబ్బందిని, పరికరాలను కూడా సమకూర్చవచ్చని ఆ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. అయితే ఆ డబ్బు గనుల ప్రభావం ఉన్న ప్రాంతాలకే వర్తిస్తుంది, అది కలెక్టరు ఆధ్వర్యంలోని ట్రస్టు చేతిలో ఉంటుంది, జిల్లా పరిషత్ చేతిలో కాదు.

నా సర్వీసులో ఒక పథకం కోసం కొన్న కంప్యూటర్లు, ఆపరేటర్ల కాంట్రాక్టు ముగిసిన నెల నుంచే గుడ్డలు కప్పుకుని కూర్చోవడం చూశాను. ఆడిట్‌లో అవి ఆస్తులుగానే కనిపించాయి, అభ్యంతరం ఎవరూ రాయలేదు. అందువల్ల కొనుగోలు మొత్తం కంటే ముందు, అయిదేళ్లపాటు ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు ఎంతో, అది ఏ పద్దు నుంచి వస్తుందో తీర్మానంలోనే రాయించండి. ఆ నిర్వహణ ఖర్చు గడి ఖాళీగా ఉంటే కొనుగోలు గడి నింపవద్దని నా సలహా.

సమాధానం 2: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్

పెద్దలు పద్దుల గురించి చెప్పారు, నేను రికార్డులో ఏముండాలన్న దాని గురించి రాస్తాను, ఎందుకంటే ఖర్చూ గోప్యతా రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మా కార్యక్రమం బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ) చేసిన ప్రయోగం నమూనాగా 1996లో మొదలైంది. మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడల నుంచి పీహెచ్‌సీ దాకా తేవడం దాని ఉద్దేశం. మందు ఆ దారిలో చాలావరకు కిందికి వచ్చింది, సమాచారం రాలేదు. తీవ్రమైన వ్యాధికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజక్షన్ మీద ఉన్న మనిషి తేదీ దాటినా రాకపోతే, ఆ సంగతి ఆసుపత్రిలో ఉన్న నాకు తెలుస్తుంది గాని అతని ఇంటికి నడిచి వెళ్లగల ఏఎన్‌ఎంకు తెలియదు. మానసిక వ్యాధుల మందుల్లో లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు, క్లోజపిన్ వాడేవారికి తెల్లరక్తకణాల సంఖ్య క్రమం తప్పకుండా చూడాలి. పాత ఫలితం కనిపించకపోతే కొత్త డాక్టరు పరీక్ష మళ్లీ రాస్తారు, లేదా భయపడి మంచి మందునే ఆపేస్తారు. ఉమ్మడి రికార్డు వల్ల నిజంగా ప్రాణం నిలబడేది ఇక్కడే.

కాబట్టి పీహెచ్‌సీకి కనిపించవలసింది చాలా కొద్ది: మందు, మోతాదు, తర్వాతి తేదీ, చేయవలసిన పరీక్ష, ఎవరికి ఫోను చేయాలి అన్నవి. రోగి తన కుటుంబం గురించి, వివాహం గురించి, తనకు జరిగిన హింస గురించి నాతో చెప్పిన మాటలు ఆ తెర మీదికి రావలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఊళ్లో ఒక్కసారి మాట బయటపడితే ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఆగిపోవడం నేను చూశాను.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కునిచ్చింది, 24వ సెక్షన్ ఆ హక్కు ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి కూడా వర్తిస్తుందని చెప్పింది, 25వ సెక్షన్ తన వైద్య రికార్డును తానే చూసుకునే హక్కును కల్పించింది. మీ తీర్మానంలో ఈ మూడు సెక్షన్లూ పేరుపేరునా ఉండాలి. రికార్డును ఎవరు ఏ సమయంలో తెరిచి చూశారో నమోదయ్యే ఏర్పాటు లేని వ్యవస్థకు రూపాయి కూడా విడుదల కాకూడదని రాయించండి. ఫిన్లాండులో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగిలించి, 2020లో రోగులకే నేరుగా బెదిరింపు సందేశాలు పంపి డబ్బు అడిగారు. అంత అభివృద్ధి చెందిన దేశంలో జరిగినది మన జిల్లాలో జరగదని అనుకోవడానికి ఆధారం లేదు.

జిల్లాకొక కొత్త సాఫ్ట్‌వేర్ చేయించవద్దని కూడా నా విన్నపం. పొరుగున కర్ణాటక ప్రభుత్వం నిమ్హాన్స్, ఐఐఐటీ బెంగళూరుల సహకారంతో ఈ-మానస్ అనే వ్యవస్థను రాష్ట్రమంతటికీ కలిపి తెచ్చింది. 2021 నుంచి దేశమంతటా అమలవుతున్న ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య ద్వారా, రోగి సమ్మతితో రికార్డులు పంచుకునే మార్గం కూడా ఉంది. పక్క జిల్లా బోధనాసుపత్రిలో తెరుచుకోని రికార్డు మీ మండలం మనిషికి ఉపయోగపడదు.

స్థాయీ సంఘానికి మాత్రం పేర్లు లేని లెక్కలు చాలు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. చికిత్స అందనివారు వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని ఆ సర్వే చెప్పింది గాని, అందులో మన ఊళ్లు లేవు. మందు తీసుకుంటున్నవారు ఎందరు, మధ్యలో మానేసినవారు ఎందరు అన్న రెండు అంకెలు మండలాలవారీగా ప్రతి మూడు నెలలకూ మీ ముందుకు వస్తే, ఎక్కడ మనిషిని పెట్టాలో మీరే నిర్ణయించగలరు.

సమాధానం 3: కాలిఫోర్నియాలో కౌంటీ ఆరోగ్య శాఖ సాంకేతిక విభాగంలో పనిచేస్తున్న తెలుగువారు

ఇక్కడ 58 కౌంటీలున్నాయి, పేదల తీవ్ర మానసిక వ్యాధులకు వైద్యం అందించే బాధ్యత కౌంటీలదే. 2004 నవంబరులో ప్రజలు ఓటు వేసి, ఏటా పది లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద 1 శాతం అదనపు పన్ను విధించుకున్నారు. ఆ డబ్బు మానసిక ఆరోగ్యానికే. అందులో భవనాలకూ సాంకేతిక అవసరాలకూ ప్రత్యేకంగా ఒక భాగం ఉండేది, ఆ రోజుల్లో కౌంటీలు ఎవరికి వారు వ్యవస్థలు సమకూర్చుకున్నాయి. చిన్న కౌంటీలకు ఆ తర్వాత వాటిని పోషించడం భారమైంది.

కౌంటీలు కలిసి 2009లో ఏర్పరచుకున్న ఉమ్మడి సంస్థ చివరికి దీనికి ఒక దారి చూపింది. కాల్‌మ్సా అని పిలిచే ఆ సంస్థ ద్వారా 2023 జులైలో ఇరవైకి పైగా కౌంటీలు ఒకే రికార్డు వ్యవస్థలోకి వచ్చాయి. బేరం ఒక్కరే ఆడతారు, నియమాలు మారినప్పుడు మార్పు ఒక్కచోటే చేస్తారు. కొన్ని కౌంటీలు ఇందుకు ఆ పన్ను డబ్బులో నూతన ప్రయోగాల కోసం కేటాయించిన వాటాను వాడుకున్నాయి.

అయితే ఈ నిధి కూడా స్థిరంగా లేదు. 2024 మార్చిలో మరో ఓటింగు జరిగి కేటాయింపులు మారాయి. 2026 జులై నుంచి 30 శాతం గృహవసతికి వెళుతుంది, సాంకేతిక ఖర్చు ఇతర సేవలతో పాటు ఒకే వాటాలో పోటీపడాలి. వసతి ఇవ్వడం తప్పని నేను అనను, వీధిలో ఉన్న రోగికి అదే మొదటి అవసరం. కానీ ప్రత్యేకమని రాసి ఉన్న పద్దు కూడా మారుతుందని తెలుసుకుని ప్రణాళిక వేయాలి. మీరు పొరుగు జిల్లా పరిషత్తులతో ఒప్పందం చేసుకుంటే, ఒకరు వైదొలగినప్పుడు వారి రోగుల సమాచారం ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో తిరిగి ఇస్తారో మొదటిరోజే రాసుకోండి. మద్యం, మాదకద్రవ్యాల చికిత్స రికార్డులకు అమెరికాలో మామూలు వైద్య రికార్డుల కంటే కఠినమైన ఫెడరల్ నిబంధన వేరుగా ఉంది. మీ దగ్గర కూడా ఆ రికార్డులను విడిగా ఉంచడం మేలు.

సమాధానం 4: ఒక రోగి అన్నయ్య

మా తమ్ముడికి ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రీనియా ఉంది. సమ్మతి ఎప్పుడు అడుగుతారన్నది ఒక్కటే నా బాధ. జబ్బు ముదిరి ఆసుపత్రికి తెచ్చిన రోజున సంతకం పెట్టమంటే వాడు ఏ కాగితం మీదైనా పెడతాడు, లేదా కాగితం చించేస్తాడు. వాడు నెమ్మదిగా ఉన్న నెలల్లో కూర్చోబెట్టి చెబితే అన్నీ అర్థం చేసుకుంటాడు, మాకంటే జాగ్రత్తగా ప్రశ్నలు వేస్తాడు. 2017 చట్టంలోని 14వ సెక్షన్ కింద రోగి తన నామినేటెడ్ ప్రతినిధిని, అంటే వైద్య నిర్ణయాల్లో తనకు తోడుగా నిలిచే మనిషిని, తానే ఎంచుకోవచ్చు. వాడు నన్ను కాక మా అక్కను ఎంచుకున్నాడు, అది వాడి హక్కు. సమ్మతి ఆ మంచి రోజుల్లో అడగాలి, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి.

ప్రశ్న వేసిన సభ్యురాలి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు మొత్తం అడుగుతూ రాసుకున్న ముసాయిదాను పక్కన పెట్టాను. సమ్మతిని పీహెచ్‌సీలో, రోగి కుదురుగా ఉన్నప్పుడు, సోషల్ వర్కరు సమక్షంలో తీసుకోవాలన్న వాక్యాన్ని, చట్టంలోని మూడు సెక్షన్లను కొత్త ముసాయిదాలో చేర్చాను. మాకు సున్నపురాయి గనులున్నాయి కాబట్టి, ఆ ప్రభావిత గ్రామాలున్న మండలాల్లో తేదీ దాటిన రోగుల ఇళ్లకు వెళ్లే సిబ్బంది జీతం కోసం కలెక్టరు గారికి వేరుగా విన్నపం పెడుతున్నాను.

గనులు లేని మండలాల్లో ఆ జీతం ఎక్కడి నుంచి రావాలన్నది ఇంకా తేలలేదు. జిల్లా పరిషత్ సాధారణ నిధుల నుంచి ఇవ్వడానికి ప్రభుత్వ అనుమతి కావాలా అన్నది లెక్కల అధికారి గారు వీలున్నప్పుడు చెప్పగలిగితే, ఆ గడిని కూడా నింపి సంఘం ముందు పెడతాను.